సగంలో చూసిన లెక్క



పోయిన ఏడాది జూలైలో ఒక శనివారం సాయంత్రం మా బల్ల మీద ఒక కాగితం ఉంది. మరునాడు ఆరాధన అయ్యాక పెద్దల మీటింగు. డోలక్ వాయించే తమ్ముడు మళ్ళీ తాగుడులో పడ్డాడు. అతని పేరు పాటల బృందంలోనుండి తీసేయాలని ఆ కాగితంలో రాసి ఉంది. మేము సంతకం పెట్టడమే మిగిలింది. (అతన్ని అడిగే ఇది రాస్తున్నాం.)

అదే సమయానికి వర్జీనియాలో ఉద్యోగం చేస్తున్న మన సంఘపు బిడ్డ ఫోన్ చేశాడు. "అయ్యగారూ, ఇక్కడ బేస్‌బాల్ ట్రేడ్ డెడ్‌లైన్ దగ్గరపడింది, అందరిదీ అదే గోల" అన్నాడు. మాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. అదేమిటని అడిగితే ఓపికగా చెప్పాడు.

అక్కడ ఒక్కో జట్టు సీజనులో 162 ఆటలు ఆడాలి. జూలై నెలాఖరు ప్రాంతంలో ఒక గడువు ఉంటుంది. అది దాటితే జట్లు ఆటగాళ్ళను ఒకరికొకరు మార్చుకోవడం ఆగిపోతుంది. ఓడిపోతున్న జట్టు ఈలోగా తేల్చుకోవాలి. ఈ ఏటికి ఇంతేనని మంచి ఆటగాళ్ళను ఇచ్చేసి, రేపటి కోసం కుర్రాళ్ళను తెచ్చుకోవాలా? లేక ఉన్నవాళ్ళను నిలుపుకొని, తక్కువైన చోట ఒకరిద్దరిని కలుపుకోవాలా?

అప్పుడు అతను 2019లో వాషింగ్టన్ నేషనల్స్ జట్టుకు జరిగింది చెప్పాడు. ఆ ఏడాది సీజను మొదలవకముందే వాళ్ళ పేరున్న ఆటగాడు బ్రైస్ హార్పర్ వేరే జట్టుకు వెళ్ళిపోయాడు. మే 23 నాటికి 50 ఆటలు అయితే 19 గెలిచి 31 ఓడారు. న్యూయార్క్‌లో మెట్స్ చేతిలో వరుసగా నాలుగు ఓడి తల దించుకున్నారు. మేనేజరు డేవ్ మార్టినెజ్‌ను తీసేయాలన్నవాళ్ళు కొందరు, పెద్ద ఆటగాళ్ళను అమ్మేయాలన్నవాళ్ళు కొందరు.

మార్టినెజ్ మాత్రం ఆటగాళ్ళకు ఒకటే చెప్పేవాడట: ఈ రోజు ఆట గెలుద్దాం, అంతే. మొత్తం లెక్క గురించి కాదు, ఈ రోజు గురించి. తర్వాతి 39 ఆటల్లో 28 గెలిచారు. జూలైలో సీజను మధ్య విరామం వచ్చేసరికి 47 గెలుపులు, 42 ఓటములు. జెరార్డో పారా అనే ఆటగాణ్ణి అదే మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు వదిలేస్తే వీళ్ళు చేర్చుకున్నారు. అతను తన రెండేళ్ళ కూతురికి ఇష్టమైన 'బేబీ షార్క్' పాట పెట్టించుకుని మైదానంలోకి వచ్చేవాడు. మన సండే స్కూలు పిల్లలందరికీ తెలిసిన పాటే. స్టేడియం నిండా పెద్దవాళ్ళు కూడా చేతులు చప్పరిస్తూ ఆడేవారట.

కానీ ప్రియులారా, మమ్మల్ని ఆలోచింపజేసింది ఆ తర్వాతి సంగతి. గెలుస్తున్నాం కదా అని వాళ్ళు తమ లోపాన్ని దాచుకోలేదు. మొదట బంతి వేసే పిచర్లు గొప్పవాళ్ళే. వాళ్ళు అలసిపోయాక చివర్లో వచ్చి వేసేవాళ్ళే బలహీనం. చేతికొచ్చిన ఆటలు అక్కడే జారిపోతున్నాయి. అందుకే గడువు రోజైన జూలై 31న సరిగ్గా ఆ చోటికే ముగ్గుర్ని తెచ్చుకున్నారు. వారిలో డానియెల్ హడ్సన్ ఒకడు. మోచేతికి రెండుసార్లు పెద్ద ఆపరేషన్ అయినవాడు. ఆ మార్చిలోనే ఒక జట్టు వద్దని పంపేసినవాడు.

అక్టోబరు 30న హ్యూస్టన్‌లో వరల్డ్ సిరీస్ ఏడవ ఆట. 6–2తో గెలిచి ఆ జట్టు మొట్టమొదటిసారి కప్పు ఎత్తింది. ఆఖరి బంతి వేసింది ఆ హడ్సనే.

ఫోన్ పెట్టేశాక మేము చాలాసేపు ఆ కాగితం వంక చూస్తూ కూర్చున్నాం. అంజూరపు చెట్టు ఉపమానం మీకు తెలుసు. ఎన్నోసార్లు ప్రసంగించాం కూడా. తోటమాలి ఇంకో సంవత్సరం గడువు మాత్రమే అడిగి ఊరుకోలేదు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. మేము ఆ తమ్ముడికి గడువులు చాలా ఇచ్చాం, మందలింపులు ఇంకా ఎక్కువే ఇచ్చాం. తవ్వి చూసింది లేదు. అతను ఎక్కడ పడిపోతున్నాడో ఒక్కసారైనా అడగలేదు.

మరునాడు మీటింగులో అతన్నే పిలిచి అడిగాం. తల ఎత్తకుండా చెప్పాడు: "శనివారం అయ్యగారూ. కూలి డబ్బులు చేతికి వచ్చే సాయంత్రం." మిగతా ఆరు రోజులూ నిలబడుతున్నాడు. ఆట అంతా ఆడి, చివర్లో జారిపోతున్నాడు.

కాగితం చించేశాం. అతని ఇష్టంతోనే ఆ వారం నుండి కూలి డబ్బు నేరుగా అతని భార్య చేతికి వెళ్ళే ఏర్పాటు చేశాం. ప్రతి శనివారం చీకటి పడేవేళకు మన పెద్దల్లో ఒకరు అతనింటికి వెళ్ళి కూర్చుంటున్నారు. టీ తాగి, ఆదివారం పాటలు ఒకసారి వాయించుకుని, రాత్రి భోజనం దాకా ఉండి వస్తారు. అంతకంటే పెద్ద పని ఏమీ చేయలేదు.

ఇది జరిగి ఏడాది. మీతో అబద్ధమాడకూడదు: ఈ ఏడాదిలో అతను మూడుసార్లు పడిపోయాడు. మూడోసారి మాకూ విసుగు వచ్చింది, ఆ కాగితం ఎందుకు చించామా అనిపించింది. ఆ సోమవారం ఉదయం అతనే మా గుమ్మం దగ్గరికి వచ్చి, "ఈ శనివారం ఎవరు వస్తున్నారు?" అని అడిగాడు.

మీ ఇంట్లోనూ సగంలోనే లెక్క కట్టేసిన పేరు ఒకటి ఉండవచ్చు. కొడుకో, తోడబుట్టినవాడో, లేక మీరే కావచ్చు. కొట్టేసే ముందు, ఏ సాయంత్రం జారిపోతున్నారో ఒక్కసారి అడగండి. అడిగాక ఆ సాయంత్రం వెళ్ళి పక్కన కూర్చోండి.

ఈ శనివారం మా వంతు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.