పెద్దమ్మ ఊపిరి, మూలనున్న మిషను

"వెంటిలేటర్ పెట్టాలి" అని డాక్టర్ అనగానే మన పల్లెలో ఏడుపులు మొదలవుతాయి. కోవిడ్ తర్వాత ఆ మాటకి ఒకటే అర్థం మిగిలింది: మనిషి ఇక రాడు, పొలం పోతుంది. (పొలం మనకెక్కడిది, అప్పు మిగులుతుంది.) అందుకే ఈసారి కవిత్వం పక్కనపెట్టి బైపాప్ గురించి రాస్తున్నా.

మా పెద్దమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. 30 ఏళ్లు ఒంగోలు వైపు పొగాకు బ్యారన్ల దగ్గర కూలి చేసింది, ఇంట్లో చిల్లకంప పొయ్యి ఊదింది. "పొగ తాగుతుందా?" అని అడిగిన కుర్ర డాక్టరు "లేదు" అని రాసుకుని పోయాడు. పొయ్యి గురించి అడిగే గడి ఆ కాగితంలో లేదు. వంటచెరకు పొగతో కూడా సీఓపీడీ వస్తుందని వాళ్ల పుస్తకాల్లోనే ఉంది.

పోయిన చలికాలం ఆయాసం ముదిరి ఆసుపత్రికి తెచ్చాం. కాసేపటికి మగత. "నిద్రపడతాంది, పడుకోనీండి" అంది పక్క మంచమామె. అది నిద్ర కాదు. ఊపిరి కండరాలు అలసిపోయి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం. ఇలాంటివాళ్లకి ఆక్సిజన్ ఇష్టమొచ్చినట్టు పెంచితే అది ఇంకా పెరగొచ్చు. 88 నుంచి 92 శాతం ఉంటే చాలు. వేలి మీటర్లో 99 చూసి సంబరపడకండి.

బైపాప్‌కి గొంతులో గొట్టం అక్కర్లేదు. ముఖానికి మాస్కు బిగిస్తారు. పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ. కండరాలు చేసే కూలిలో కొంత మిషను పంచుకుంటుంది. 1995లో బ్రోషార్ బృందం యూరప్‌లో 85 మంది సీఓపీడీ రోగుల మీద చేసిన అధ్యయనంలో, మామూలు వైద్యం అందినవాళ్లలో 74 శాతానికి గొట్టం వేయాల్సివచ్చింది, మాస్కు పెట్టినవాళ్లలో 26 శాతానికే. చావులు 29 శాతం ఒకవైపు, 9 శాతం ఒకవైపు.

మేం వెళ్లిన చోట మిషను ఉంది. మూలన, కవరు కప్పుకుని. "పెడితే పక్కన కూర్చుని చూసేదెవరు సార్?" అన్నారు. అబద్ధం కాదు. మొదటి గంటలు ఒక మనిషి అక్కడే ఉండాలి, గాలి కారకుండా చూడాలి, రక్తపరీక్ష మళ్లీ చేయించాలి. గట్టిగా అడిగాక పెట్టారు. పెద్దమ్మ పీకేసింది. అప్పుడు నైట్ డ్యూటీ సిస్టర్ ఒకామె మంచం మీదే కూర్చుని, పట్టీలు బిగించకుండా మాస్కుని అరచేత్తో ఆనించి పట్టుకుని, "నాతోపాటే పీల్చమ్మా, నేనున్నాగా" అంటూ చాలాసేపు ఉండిపోయింది. ఆసాముల ఇళ్ల ముందు వంగి, పైనుంచి పోసిన నీళ్లు దోసిట్లో తాగిన ముఖం అది. ఆ సిస్టర్ ఎవరో, ఏ ఊరో అడగాలనిపించలేదు. తెల్లారేసరికి పెద్దమ్మ "టీ చుక్క దొరుకుద్దా నాయనా" అంది.

మాస్కు అందరికీ పనికిరాదు. ఆగకుండా వాంతులయ్యేవాళ్లకి, ఊపిరే ఆగినవాళ్లకి కాదు. ఒకటి రెండు గంటల్లో తేడా కనబడకపోతే గొట్టానికి ఆలస్యం చేయకూడదు. గొట్టం పడినవాళ్లూ బతికి వస్తారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీవాళ్లని తీసుకెళ్తే మూడు మాటలు అడగండి. ఏబీజీ చేశారా? బైపాప్ ఉందా? రాత్రి పక్కన ఎవరుంటారు? మూడోదానికి జవాబు మనం ఆర్టీఐ కింద రాబట్టాలి. మీ ఏరియా ఆసుపత్రిలో మిషన్లెన్ని, రాత్రి నర్సులెందరు అని. అర్జీ నమూనా వచ్చే భాగంలో పెడతా.

జై భీమ్.