సెట్టింగ్ నిలవాలంటే మూడు ప్రశ్నలు

ఈసారి వ్యాసానికి ఓ చిన్న ఇబ్బందిని టాపిక్‌గా తీసుకున్నాను. మీరు నోట్స్ టైప్ చేసుకునే టెక్స్ట్ ఎడిటర్‌లో పొడవైన లైన్లు తెరలో ఇమిడేలా మారుస్తారు. అక్షరాలు పెద్దవి చేస్తారు. మర్నాడు తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. రోజంతా తెర చూసే మనకు ఇది చిన్న విషయం కాదు. నా కళ్లద్దాల పవర్ రెండేళ్లలో రెండుసార్లు పెరిగింది.

నేను వాడేది వీఎస్ కోడ్. ఇంజినీరింగ్ నాటి అలవాటు. అందులో ఈ సమస్యను మూడు ప్రశ్నలుగా విడదీయవచ్చు.

ఒకటి, మార్పు ఎక్కడైనా నమోదైందా? ఆల్ట్, జెడ్ కలిపి నొక్కితే లైన్లు తెరలో ఇమిడిపోతాయి. కానీ అది ఆ ఫైలుకు, అప్పటికి మాత్రమే. నిలవాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'వర్డ్ ర్యాప్' ఆన్ చేయాలి. అప్పుడది సెట్టింగ్స్ ఫైలులో చేరుతుంది. ఎడిటర్ తెరుచుకున్నప్పుడల్లా చదివేది ఆ ఫైలునే.

రెండు, ఎక్కడ నమోదైంది? యూజర్ ట్యాబ్‌లో మారిస్తే అన్ని ఫోల్డర్లకూ వర్తిస్తుంది. వర్క్‌స్పేస్ ట్యాబ్‌లో మారిస్తే ఆ ఒక్క ఫోల్డర్‌కే. పాలిటీ ఫోల్డర్‌లో పెద్దగా ఉన్న అక్షరాలు ఎకానమీ ఫోల్డర్‌లో చిన్నవైతే ముందు చూడాల్సింది ఇదే.

మూడు, దాన్ని ఇంకేదైనా తోసేస్తోందా? ఒకే సెట్టింగ్ రెండు చోట్లా ఉంటే వర్క్‌స్పేస్‌దే పైచేయి. స్నేహితుడి నోట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుంటే, దానితోపాటు అతని వర్క్‌స్పేస్ సెట్టింగ్స్ కూడా రావచ్చు.

పాలిటీ చదివినవారికి ఈ వరస తెలిసిందే. 123వ అధికరణ కింద రాష్ట్రపతి జారీ చేసే ఆర్డినెన్స్‌కు చట్టానికున్నంత బలం ఉంటుంది. అయినా పార్లమెంటు తిరిగి సమావేశమైన 6 వారాలకు దాని గడువు తీరుతుంది. నిలవాలంటే ఉభయ సభలూ చట్టం చేయాలి. బీహార్‌లో 1967–81 మధ్య గవర్నర్ 256 ఆర్డినెన్సులు జారీ చేశారు. చాలావాటిని చట్టంగా మార్చకుండా మళ్లీ మళ్లీ జారీ చేస్తూ పోయారు. రోజూ ఆల్ట్-జెడ్ నొక్కడం లాంటిదే ఇది. డి.సి. వాధ్వా కేసులో సుప్రీంకోర్టు దీన్ని రాజ్యాంగాన్ని మోసగించడంగా తేల్చింది. ఇక 254వ అధికరణ రెండో క్లాజు చూడండి. ఉమ్మడి జాబితా అంశంపై రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్ర చట్టం, ఆ రాష్ట్రం వరకు కేంద్ర చట్టాన్ని మించి చెల్లుతుంది. మన వర్క్‌స్పేస్ లాగే.

మెయిన్స్‌లో 'పథకం క్షేత్రస్థాయిలో ఎందుకు అమలు కావడం లేదు' అని అడిగితే ఈ మూడు ప్రశ్నలతోనే మొదలుపెట్టండి. ఉత్తర్వు వెలువడిందా? ఎవరికి వర్తిస్తుంది? ఏ నిబంధన దానికి అడ్డొస్తోంది? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఈలోగా ఒక్క ఐదు నిమిషాలు కేటాయించండి. యూజర్ ట్యాబ్ తెరిచి అక్షరాల సైజు 18 పెట్టుకోండి. మన కళ్లు ఇంటర్వ్యూ దాకా రావాలి కదా!