కథ రాయడం నేర్చుకోవడానికి విదేశం పోవాలా?

పిల్లలు కంప్యూటరు చదువుకో, డాక్టరు చదువుకో విదేశాలకు పోతామంటే మనకు కొత్తేమీ కాదు. పదిమందికి సంతోషంగా చెప్పుకుంటాం కూడా. అదే ఆడపిల్ల వచ్చి, "అమ్మా, సినిమాలకు, సీరియళ్లకు కథ రాయడం నేర్చుకుంటా, ఆ కోర్సు విదేశంలో ఉంది" అంటే ఏం చేస్తారు? మా చిన్నమ్మాయి డిగ్రీ అవగానే అడిగిందదే.

మాది జువ్వలదిన్నె, కావలికి దగ్గర, సముద్రం పక్కనే. మా ఆయనకు బోటులో వాటా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు ఇల్లు ఎట్లా గడుస్తుందో ఈ తీరంలో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. అలాంటి ఇంట్లో 20 లక్షల మాట వచ్చింది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు వేసిచ్చిన లెక్క అది. నగలు, ఇంటిస్థలం కాగితాలు పెడితే లోను ఇప్పిస్తామన్నారు. "ఏందే ఇది? కథ చెప్పేదానికి కూడా సీమకు పోవాలా? మా అవ్వ యాడ నేర్చుకొనింది?" అన్నారు మా ఆయన. పిల్ల అలిగి అన్నం మానేసింది. మధ్యలో నేను.

నేను చదివింది ఇంటర్ దాకానే. అయినా పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చదివించి తెలుసుకున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉండొచ్చు, అందుకే రాస్తున్నా.

ఇదేమీ ఈనాటి వింత కాదు. మచిలీపట్నం నుంచి వెళ్లి మద్రాసులో సినిమా హాలు కట్టిన రఘుపతి వెంకయ్యగారు, కొడుకు ప్రకాష్‌ను సినిమా పని నేర్చుకోమని ఇంగ్లండు పంపించారు. ఆయన తిరిగొచ్చి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. మన కాలంలో శేఖర్ కమ్ముల గారు అమెరికాలో హోవార్డ్ యూనివర్సిటీలో సినిమా చదివొచ్చి 2000లో 'డాలర్ డ్రీమ్స్', 2004లో 'ఆనంద్' తీశారు.

నన్ను కదిలించింది మాత్రం 'వనజ'. ఇంజనీరుగా ఉద్యోగం చేసిన రజనీష్ దోమలపల్లి గారు న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో సినిమా చదువుకు చేరి, ఆ చదువులో భాగంగానే ఆ కథ రాసి తీశారు. అది ఎవరి కథనుకున్నారు? అప్పుల్లో మునిగిన ఒక జాలరి కూతురిది! పెద్దింట్లో పనికి చేరి కూచిపూడి నేర్చుకుంటుంది. ఆ ఇంటి కొడుకు వల్లే అన్యాయమైపోతుంది. 2007లో బెర్లిన్ చిత్రోత్సవంలో దానికి ఉత్తమ తొలి చిత్రం బహుమతి వచ్చింది. అంతదూరం పోయి నేర్చుకుని ఆయన రాసింది మనలాంటి ఇంటి కథే. అది తెలిశాక మా ఆయన కూడా కాసేపు మాట్లాడలేదు.

ఇక ఖర్చు సంగతి. ఈ దారులు మూడు రకాలు. యూనివర్సిటీలో ఫీజు కట్టి చదవడం ఒకటి. కన్సల్టెన్సీ వాళ్లు చూపేది ఎక్కువగా ఇదే. రెండోది స్కాలర్‌షిప్. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌లో ఏడాది మాస్టర్స్ చదువుకు ఫీజు, విమానం, నెల ఖర్చు వాళ్లే ఇస్తారు. దానికి డిగ్రీతోపాటు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. ఈ షరతు నాకు భలే నచ్చింది!

మూడోది ల్యాబ్‌లని ఉంటాయి. అమెరికాలో సన్‌డాన్స్ వాళ్లది 1981 నుంచి ఉంది. మన దేశంలో ఎన్‌ఎఫ్‌డీసీ వాళ్లు 2007లో మొదలుపెట్టారు. మనం రాసిన స్క్రిప్టు పంపితే, ఎంపికైనవాళ్లతో పేరున్న రచయితలు ఎదురుగా కూర్చుని, ఎక్కడ బాగుందో, ఎక్కడ తేలిపోయిందో చెబుతారు. 2013లో వచ్చిన 'లంచ్‌బాక్స్' చూశారా? ఒక ఇల్లాలు కట్టిన క్యారియర్ దారి తప్పి ఇంకెవరికో చేరడమే కథ. దాని స్క్రిప్టును ఇటలీలోని టొరినో ల్యాబ్‌లో దిద్దుకున్నారు. మనం రోజూ కట్టే క్యారియరే కదండీ!

ఇవన్నీ విన్నాక నా మాట చెప్పాను. నగలు తాకట్టు పెట్టేది లేదు. పిల్ల ఆశను తుంచేదీ లేదు. నెల్లూరులో ఏదైనా ఉద్యోగం చూసుకుని రెండేళ్లు చేయాలి, రాత్రిపూట ఒక స్క్రిప్టు పూర్తి చేయాలి, ఆ తర్వాత అప్లికేషను పెట్టాలి. ఈలోగా ఒంగోలు వైపు నుంచి మంచి సంబంధమే వస్తే, ఇప్పుడు కాదని నేనే చెప్పాను. "ఇంతకంటే మంచిది వస్తుందా?" అని మా ఆడబిడ్డ ఇంకా దెప్పుతూనే ఉంది. రాకపోవచ్చు. ఆ భయం నాకూ ఉంది. స్కాలర్‌షిప్ వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు.

పిల్ల ఇప్పుడు వేట నిషేధం రోజుల మీదే రాస్తోంది. చదివి వినిపిస్తుంటే వాళ్ల నాన్న వల అల్లుతూనే, "అది అట్లా కాదమ్మా, ఇంజను ఆగితే ముందు చేసే పని వేరే" అని దిద్దుతున్నారు.

మీ పిల్ల ఇలాంటి చదువు అడిగితే ముందే కోప్పడకండి, ముందే సంతకాలూ పెట్టకండి. "నువ్వు రాసింది ఏదీ?" అని ఒక్కమాట అడగండి. రాసింది చూపిస్తే, ఓపిగ్గా కూర్చుని వినండి.