రెండు ఏజెన్సీల మధ్య

మా దగ్గర ఏజెన్సీ అన్న మాటకి రెండు అర్థాలు. గోదావరికి ఇటు పక్క అడవి, గూడేలు, వాగులు ఉన్న ప్రాంతమంతా ఏజెన్సీ. నెలనెలా నాకు జీతం వేసే కాంట్రాక్టరు ఆఫీసూ ఏజెన్సీయే (నెలనెలా అనడం మర్యాదకి, నిజానికి రెండు మూడు నెలలకోసారి). మొదటి ఏజెన్సీలో పని చేసినందుకు ప్రభుత్వ నర్సు ఉద్యోగానికి అదనంగా మార్కులు కలుపుతారు. ఆ పని రెండో ఏజెన్సీ ద్వారా చేసినవాళ్ళు మాత్రం, అసలు చేశామని ముందు రుజువు చేసుకోవాలి.

2024 సెప్టెంబర్‌లో తెలంగాణ మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది. స్టాఫ్ నర్సు అన్న పేరే ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అయింది. పేషెంట్లకి మాత్రం మేము ఇంకా సిస్టరమ్మలమే. మొత్తం 100 మార్కులు. అందులో 80 కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్షకి. మిగతా 20, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీదో ఔట్‌సోర్సింగ్ మీదో చేసిన సర్వీసుకి. పూర్తయిన ప్రతి ఆరు నెలలకి గిరిజన ప్రాంతంలో అయితే 2.5, మిగతా చోట్ల 2.

బయటివాళ్ళకి ఈ తేడాలు తెలియకపోవచ్చు. మా వార్డులో ఒకే డ్యూటీ చార్టులో మూడు రకాల మనుషులుంటారు. రెగ్యులర్ అక్కలు, కాంట్రాక్టు అక్కలు, మేము. యూనిఫాం ఒకటే, నైట్ డ్యూటీలు ఒకటే, సెలైన్ ఎక్కించడం ఒకటే. రెగ్యులర్ వాళ్ళ స్కేలు 36,750 దగ్గర మొదలవుతుంది. మాది ఎంతో చెబితే మా చుట్టాలే నమ్మరు. పైగా రెగ్యులర్ మనిషి వచ్చి చేరిందంటే ఆ ఖాళీలో పనిచేస్తున్న ఔట్‌సోర్సింగ్ మనిషి ఇంటికే. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో ఒకేసారి 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చినప్పుడు వార్డులో అందరం ఫోన్లలో చూశాం. మాతో పనిచేసిన ఇద్దరు అక్కలు ఆ జనంలో ఎక్కడో ఉన్నారు. మేము చప్పట్లు కొడుతూనే, మా దగ్గరికి ఎంతమందిని పోస్టు చేస్తారో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాం. ఆ నోటిఫికేషన్‌కి నేను కట్టలేకపోయాను, గడువు రోజుల్లో నాన్న ఐసీయూలో ఉన్నాడు. అందుకే 2024 నోటిఫికేషన్ నాకు చాలా ముఖ్యం.

కాగితాల్లో చాలావరకు తేలిగ్గానే దొరికాయి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి ఉంది. లోకల్ కింద చూపించడానికి ఒకటి నుంచి ఏడు వరకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి, ఊరి బడి హెడ్‌మాస్టారు అరగంటలో రాసిచ్చారు. మిగిలింది సర్వీస్ సర్టిఫికెట్.

నేను ఆసుపత్రిలో చేరింది 2021 జనవరి 11న. నోటిఫికేషన్ నాటికి నలభై నాలుగు నెలలు. అంటే ఏడు అర్ధ సంవత్సరాలు నిండాయి, 17.5 మార్కులు. ఆఫీసులో టైపు చేసి ఇచ్చిన కాగితంలో మాత్రం నేను చేరిన తేదీ 2022 ఏప్రిల్ 1 అని ఉంది. అది కొత్త ఏజెన్సీకి టెండర్ వచ్చిన రోజు. ఆ లెక్కన ఇరవై తొమ్మిదిన్నర నెలలు, నాలుగు అర్ధ సంవత్సరాలు, 10 మార్కులు. ఐదోది నిండటానికి పన్నెండు రోజులు తక్కువ.

"పాత ఏజెన్సీ ఫైలు మా దగ్గర లేదమ్మా. వాళ్ళ దగ్గర్నించి లెటర్ తెచ్చుకోండి, కలిపి రాసిస్తాం," అన్నారు సెక్షన్ సార్. ఆయన కసురుకుంటూ ఏం చెప్పలేదు. ఆయన టేబుల్ మీద నాలాంటి కాగితాలు ఇంకో పదిహేను ఉన్నాయి.

పాత ఏజెన్సీ సూపర్‌వైజర్ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎవరో పురుగుమందుల షాపతను ఎత్తాడు. ఆ నంబర్ తీసుకుని ఏడాదైందట. "మీరు నాలుగో సిస్టరండీ," అని నవ్వాడు. వాళ్ళ ఆఫీసున్న మేడ మీద ఇప్పుడు ట్యూషన్ సెంటరుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్ళాను. జీతం మూడేసి నెలలది ఒకేసారి పడేది కాబట్టి పదిహేను నెలల పనికి ఐదు ఎంట్రీలే కనిపించాయి. "ఐదు నెలల జీతమే కదమ్మా ఉంది," అన్నారు సార్. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూస్తే, నా జీతంలో ప్రతి నెలా కోసిన పీఎఫ్ కొన్ని నెలలే జమైంది. ఏ నెలకి డబ్బు కట్టలేదో ఆ నెల నేను పని చేయనట్టు.

నర్సింగ్‌లో మొదటి సంవత్సరం నుంచి మా బుర్రల్లోకి ఎక్కించే మాట ఒకటుంది. రాయకపోతే చేయనట్టే. ఇంజక్షన్ ఇచ్చావా? టైము వేసి, సంతకం పెట్టు. బీపీ చూశావా? చార్టులో ఎక్కించు. రేపు ఏదైనా అయితే కోర్టులో నిలబడేది నువ్వు చెప్పే మాట కాదు, నువ్వు రాసిన రాత. ఆ నియమాన్ని నేను పేషెంట్ల విషయంలో ఒక్క రోజూ తప్పలేదు. నా గురించి ఎక్కడో ఎవరో అలాగే రాస్తున్నారని అనుకున్నాను.

ఆ రోజు సాయంత్రం డ్యూటీలో ఇదంతా హెడ్ మేడంతో చెప్పాను. ఆమెకి ఇంకో ఏడాదిన్నర సర్వీసుంది. మాటకి గట్టిది, మేము ఆమె ముందు కుర్చీలో కూర్చోం. అంతా విని, "డ్యూటీ చార్టులు పారేయలేదే నేను," అంది. వార్డు చివర గదిలో ఒక ఇనప బీరువా ఉంది. పాత సెలైన్ స్టాండ్లు, చక్రం ఊడిన ట్రాలీ పక్కకి జరిపితే గానీ తలుపు రాదు. లోపల నెలవారీ చార్టులు, దారంతో కట్టలు కట్టి. ఎవరూ అడగకపోయినా ఆమె దాచినవి. 2021 ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్... స్కేలుతో గీసిన గళ్ళలో నా పేరు, దాని కింద ఎం, ఇ, ఎన్, వారానికో ఆఫ్. కొన్ని నెలల్లో ఆఫ్ గళ్ళ మీద కొట్టివేతలు, దాని మీద మళ్ళీ ఎన్. అవి రెండో వేవ్ నెలలు. మేలో పదకొండు రోజులు వరసగా ఎన్ ఉంది. నాకు ఆ పదకొండు రాత్రులు గుర్తే లేవు. ఆ గది వాసన గుర్తుంది, మాస్కు తాడు చెవి వెనక కోసిన చోట మంట గుర్తుంది.

పదిహేను నెలల్లో రెండు నెలల చార్టులు మాత్రం దొరకలేదు. చెద పట్టాయి. వాటి కోసం కాన్పుల గది రిజిస్టర్లు తీయించింది మేడం.

ఆ రిజిస్టర్ ఎలా ఉంటుందో చెప్పాలి. రెండు పేజీల వెడల్పున గళ్ళు. తల్లి పేరు, ఊరు, ఎన్నో కాన్పు, చేరిన టైము, బిడ్డ పుట్టిన టైము, ఆడా మగా, బరువు, చివర్లో కాన్పు చేసినవాళ్ళ పేరు, సంతకం. మామూలు కాన్పులు మా దగ్గర ఎక్కువగా నర్సులమే చేస్తాం. ఆ చివరి గడిలో నా సంతకం వెతుక్కుంటూ పేజీలు తిప్పుతున్నాను. నా కోసం వెతుకుతున్నా, కంటికి కనిపించేవి వాళ్ళ వరసలే. ట్రాక్టర్ మీద వచ్చిన ఆమె. వాగు దాటలేక ఒడ్డునే నొప్పులు పడి, అంబులెన్స్ దాకా మంచం మీద మోసుకొచ్చిన ఆమె. మాకు కోయ మాట రాక, ఆమెకి తెలుగు రాక, ఇద్దరం చేతులతోనే మాట్లాడుకున్న రాత్రి. 1.6 కిలోల ఆడపిల్ల, నా సంతకం, ఎర్ర సిరాతో "రిఫర్డ్" అని. ఆ పిల్ల ఏమైందో తెలీదు. బతికుంటే ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తూ ఉండాలి.

ఆ రెండు నెలల్లో నా సంతకంతో ముప్పై నాలుగు కాన్పులున్నాయి. ఫోన్‌లో ఫొటోలు తీస్తుంటే, ఇలా చేయవచ్చా అని ఒక్క క్షణం ఆగాను. వాళ్ళ పేర్లు నా సర్టిఫికెట్‌కి ఎందుకు? తల్లుల పేర్ల మీద తెల్లకాగితం అడ్డం పెట్టి, తేదీ, నా సంతకం మాత్రం వచ్చేలా తీశాను. మేడం ఏమీ అనలేదు, కాగితం జారకుండా ఒక చివర తనే పట్టుకుంది.

తర్వాతదంతా తిరగడమే. మేడం ఒక లెటర్ రాసి సంతకం పెట్టింది. దాని మీద సూపరింటెండెంట్ సార్ సంతకం కావాలి. గడువు అక్టోబర్ 14. దసరా 12న. మధ్యలో బతుకమ్మలు, రెండో శనివారం, ఆదివారం. సార్ క్యాంపుకి వెళ్ళారు, సార్ మీటింగ్‌లో ఉన్నారు, సార్ ఓటీలో ఉన్నారు. సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం ఓటీ బయట బెంచీ మీద మేం తొమ్మిది మందిమి కూర్చున్నాం, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో ప్లాస్టిక్ ఫోల్డర్. ఎవరో తెచ్చిన సత్తుపిండి పంచుకుని తిన్నాం. సార్ గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, నిలబడే తొమ్మిది కాగితాల మీదా సంతకాలు పెట్టారు. డ్యూటీ చార్టులు జతచేసి చూపించబోతే, "మీరు పని చేశారని నాకు తెలీదా?" అన్నారు. ఆయనకి తెలుసు. సెక్షన్ సార్‌కీ తెలుసు, ఆయన కూతురి కాన్పు అప్పుడు డ్యూటీలో ఉన్నది నేనే.

ఈ 20 మార్కుల మీద నా నర్సింగ్ రూమ్మేట్‌కి నాకూ ఎప్పుడూ గొడవే. తను ఏడేళ్ళుగా హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో చేస్తోంది. వెంటిలేటర్ మీదున్న మనిషిని నాకంటే పదిరెట్లు బాగా చూసుకుంటుంది. తనకి సర్వీసు మార్కులు సున్నా. "నీ 17.5 ముందు నేను 80కి ఎన్ని తెచ్చుకోవాలే?" అంటుంది. ఆమె కోపం న్యాయమైనదే. 2017లో టీఎస్పీఎస్సీ 3,311 స్టాఫ్ నర్స్ పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే, ఈ వెయిటేజీ లెక్కల మీద కోర్టు కేసులతో ఫలితాలకి ఏళ్ళు పట్టింది. గోదావరికి అటువైపు ఆంధ్రలో నేను చూసిన నోటిఫికేషన్లలో అసలు రాత పరీక్షే లేదు. 75 మార్కులు కోర్సులో వచ్చిన మార్కుల నుంచి, పాసై గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున 10, సర్వీసుకి 15. అక్కడున్న నా క్లాస్‌మేట్ చదువులో నా కంటే వెనక, కానీ వాళ్ళ కాలేజీలో మార్కులు ధారాళంగా వేసేవారు. ఎవరి కొలత వాళ్ళది.

సర్వీసుకి మార్కులు ఉండాలనే నేనంటాను. వాగు ఒడ్డున పనిచేయడానికి ఎవరూ రాని రోజుల్లో వచ్చినవాళ్ళం. నాకు మింగుడుపడనిది వేరే. నాతో పని చేయించుకున్నది ఆసుపత్రి, ఆ పనికి మార్కులు ఇస్తానంటున్నదీ ప్రభుత్వమే. మధ్యలో టెండర్ మారితే నేను చేరిన తేదీ కూడా ఎందుకు మారాలి? రుజువు తెమ్మని నన్ను ఎందుకు పంపాలి? మా మేడం బీరువా శుభ్రం చేసే మనిషి అయ్యుంటే నా 7.5 మార్కులు పాత పేపర్ల వాడి తక్కెట్లో పోయేవి. బెంచీ మీద కూర్చున్న తొమ్మిది మందిలో ముగ్గురి వార్డుల్లో అలాగే పోయాయి. వాళ్ళు తగ్గిన సర్వీసుతోనే అప్లై చేశారు.

నవంబర్ 23న పరీక్ష రాశాను. ముందు రాత్రి డ్యూటీ ఉంటే మార్చుకున్నాను, మార్చుకున్న అక్క కూడా అదే పరీక్షకి వెళ్ళాల్సిన మనిషి అయితే బాగుండేది కాదు గానీ, ఆమె రెగ్యులర్. ఎనభై ప్రశ్నలు. కొన్ని రోజూ చేసే పనుల గురించే, వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగాను. చేత్తో చేసేదాన్ని నాలుగు ఆప్షన్లలో గుర్తుపట్టడం వేరే విద్య.

పోయిన నెల వార్డులోకి కొత్త పిల్ల చేరింది, ఔట్‌సోర్సింగ్ మీదే. ఇప్పుడున్నది మూడో ఏజెన్సీ. మొదటి రోజు ఆమెకి మందుల ట్రాలీ, ఎమర్జెన్సీ ట్రే, ఆక్సిజన్ పాయింట్లు చూపించాను. తర్వాత గోడకి అంటించిన డ్యూటీ చార్టు దగ్గరికి తీసుకెళ్ళి ఫోన్ తియ్యమన్నాను. "ఎందుకక్కా?" అంది. "ముందు తియ్యి, కింద మేడం సంతకం కూడా పడాలి," అన్నాను.