ఫిల్మ్ వేయకముందు అద్దం



మొన్న ఎండలకు తాళలేక మా పాత కారు పక్క అద్దాలకు కూలింగ్ ఫిల్మ్ వేయించాను, నిబంధన ప్రకారం కనీసం 50 శాతం వెలుగు రానిచ్చేదే. అతికించడానికన్నా అద్దం కడగడానికే ఎక్కువ సమయం పట్టింది. షాపు కుర్రాడు సబ్బునీళ్లు చల్లి, పాత స్టిక్కర్ జిగురును బ్లేడుతో గీకాడు. అద్దం కొంచెం దించి, రబ్బరులో దాగే పై అంచు కూడా తుడిచాడు.

"శుభ్రంగానే ఉంది కదా బాబూ?" అన్నాను.

"ఒక్క ఇసుక రేణువున్నా బుడగ లేస్తుంది సార్. తర్వాత ఫిల్మ్ పీకాల్సిందే."

ఆ మాట నాకే తగిలింది. లెక్కల విషయంలో ఒక సంఘపెద్దను నొప్పించి నెల అయింది. అయినా ప్రతి ఆదివారం నవ్వుతూ చేయి కలుపుతున్నాను. అది దుమ్ము మీద వేసిన ఫిల్మే. దావీదు పాపాన్ని దాచుకుని ఎంత నలిగాడో, ఒప్పుకున్నాక ఎలా తేలికపడ్డాడో 32వ కీర్తనలో చూస్తాం.

ఇంటికి వెళ్లకుండా నేరుగా ఆయన గుమ్మం ముందు ఆగాను. "అన్నా, రసీదులు చూడకుండానే మాటన్నాను. క్షమించండి."

ఆయన ఏమీ అనలేదు. కుర్చీ తెచ్చి వేశారు.

ఈ ఆదివారం ప్రభువు బల్ల దగ్గరకు వచ్చేముందు మన పై అంచులు కూడా ఒకసారి చూసుకుందాం. ఆమేన్.