లప్పం కింద రేకు

నిన్న సెల్లార్‌లో, పక్కింటి తమ్ముడు కొత్తగా కొన్న పాత కారు ముందు ఫెండర్‌ని వేలి కణుపుతో తట్టాను. ఖంగుమనాల్సిన రేకు మట్టిగోడలా దబ్బుమంది. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పెడితే తలుపుకి అతుక్కుంది, ఫెండర్ మీంచి జారిపడింది. ప్లాస్టిక్ ఫెండరైతే జారడం మామూలే. ఇది ఇనప రేకు. లోపలంతా లప్పం! రాత్రి అన్నం సయించలేదు నాకు.

పోయినేడాది నా కారుకీ ఇదే జరిగింది. సొట్ట తీయమని ఇచ్చిన షెడ్డులో సొట్ట తియ్యలేదు, పూడ్చారు. ఒక్క ఎండాకాలానికే పగుళ్లిచ్చి, వానాకాలంలో పెచ్చు ఊడింది. ముందు ఫెండర్ బోల్టుల మీద ఉంటుంది. విప్పి వెనకవైపు చూడటానికి ఎంతసేపు పడుతుంది? వెనక చక్రం మీదిది బాడీతో కలిపి వెల్డింగ్ చేసింది, దాని కష్టం వేరు, ఒప్పుకుంటాను.

మా విశాఖలో ఉప్పుగాలి ఉండనే ఉంది. చక్రం చిమ్మిన బురద ఫెండర్‌కీ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కీ మధ్య చేరి, ఆకూ అలమూ కలిసి తడి ఆరనివ్వదు. తుప్పు లోపలే పుడుతుంది. చక్రం మీది ఫెండర్ అంచున రంగు పొక్కుల్లా లేచేసరికే రేకు సగం తినేసి ఉంటుంది. ఆ పొక్కుల మీద రంగు కొట్టించకండి. మెరిసే రేకు తేలేదాకా గీకించండి. చిల్లు పడితే ఆ ముక్క కోయించి కొత్త రేకు వేయించండి. ప్రైమర్ పడ్డాకే రంగు. వానలకి ముందు లైనర్ విప్పించి కడిగిస్తే ఇంతదాకా రాదు. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు గరగరమంటే ముందు లైనర్ క్లిప్పులు ఊడాయేమో చూడండి.

నాన్నగారి అంబాసిడర్‌కి ఎడమ మడ్‌గార్డ్ నొక్కుకుపోతే విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళారు. ఫెండర్ అనేవాళ్ళం కాదప్పుడు. టింకర్ మేస్త్రీ రేకు వెనక ఇనప దిమ్మ ఆనించి, చిన్న సుత్తితో సొట్ట అంచుల నుంచి లోపలికి తట్టుకుంటూ వచ్చేవారు. "నడిమధ్యన బాదితే రేకు సాగుద్ది బాబూ, సాగితే ఇంక నిలవదు" అనేవారు. సాగిన రేకు డబ్బా మూతలా లోపలికీ బయటికీ టపటపలాడటం ఆయనే చూపించారు. లప్పం వాడేవారు, గోరుమందం మాత్రమే. ఇప్పటి రేకు మిల్లీమీటరు కూడా ఉండదు, దానికి ఇంకెంత నెమ్మది కావాలి!

చివర్న అరచేతికి పల్చటి గుడ్డ చుట్టుకుని, కళ్ళు మూసుకుని రేకంతా నిమిరేవారు. కంటికి ఆనని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయిట. నా చేతినీ ఆ గుడ్డలో పెట్టి నిమిరించారు. నాకేం తెలియలేదు. మళ్ళీ నిమరమన్నారు.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిందని చదివినప్పుడు కారు కన్నా ముందు ఆ సుత్తిచప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం అన్నాలవేళ వీధి వీధంతా సుత్తులు ఆగిపోయేవి. చెవుల్లో మోత మాత్రం కాసేపు ఉండేది. మేస్త్రీ చేతులు కడుక్కొచ్చి, కేరియర్ మూతలో నాకు పప్పన్నం కలిపి పెట్టేవారు. మామిడికాయ పప్పు. పైన ఎండుమిరపకాయ నలిపి వేసేవారు.