మాదాపూర్ నుంచి మైకుసెట్టు బాబాయికి

మాదాపూర్, శుక్రవారం రాత్రి

బాబాయ్ గారికి,

క్షేమంగా చేరాను. లింగంపల్లిలో దిగి ఆటో పట్టుకున్నాను. బస అయ్యప్ప సొసైటీలో, బావ గదిలో. ఈ సందులో ఎటు చూసినా హాస్టల్ బోర్డులే. వాటి కింద కర్రీ పాయింట్లు, ఇస్త్రీ బల్లలు, పునుగుల బళ్లు. మా సందు చివర బండి అతనిది పాలకొల్లు. చట్నీ నోట్లో పెట్టుకోగానే కనుక్కున్నాను.

1998లో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు పేపర్లో బొమ్మ చూసి “అబ్బో, ఎంత మేడరా” అన్నారు మీరు. ఇప్పుడు చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య అది పొట్టిదైపోయింది. దాని ముందు నిలబడి ఫోటో తీయించుకునే వాళ్లు కూడా లేరు. అందరూ దుర్గం చెరువు మీద 2020లో కట్టిన తీగల వంతెన దగ్గరే ఉంటున్నారు.

ఇక పని సంగతి. ఖరీదైన ఆడియో సామాను అమ్మే డీలర్లు కొందరు కలిసి శని, ఆదివారాలకి ఇక్కడొక హోటల్లో అంతస్తంతా తీసుకున్నారు. గదికో సిస్టమ్. జనం వచ్చి, కుర్చీల్లో కూర్చుని, విని వెళ్తారు. ఆ డీలర్లలో ఒకాయన బావకి స్నేహితుడు. కేటలాగుకి ఫోటోలు కావాలన్నాడు. పెళ్లిళ్లు లేని నెల కదా, ఒప్పుకున్నాను.

ఇవాళ సామాను సర్దుతుంటే వెళ్లి చూశాను. గదుల్లో మంచాలు తీసేశారు గానీ పరుపులు మాత్రం ఉంచుకున్నారు. వాటిని మూలల్లో నిలబెట్టి పైన నల్ల గుడ్డ కప్పారు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను, అయినా చెప్తాను, ఎందుకంటే మీరు పెట్టింది ఎప్పుడూ షామియానాలోనే. అక్కడ బేస్ గుడ్డ దాటి పొలాల్లోకి పోయేది. ఇక్కడ గోడలు సిమెంటువి. 14 అడుగుల పొడవు గదిలో 40 హెర్ట్జ్ అల సరిగ్గా సగం పడుతుంది. ఆ స్వరం వచ్చినప్పుడల్లా గది దాన్ని పట్టుకుని వదలదు. గోడకి ఆనుకుని కూర్చున్నవాడికి గుండె అదురుతుంది, మధ్యలో కూర్చున్నవాడికి ఆ స్వరమే దాదాపు వినపడదు. ఆ బేస్‌ని కొంతైనా పీల్చుకుంటాయనే ఆ పరుపులు. ఒక కుర్రాడు ఫోన్లో ఏదో మీటరు పెట్టుకుని స్పీకర్లని బెత్తెడు ముందుకి, బెత్తెడు వెనక్కి జరుపుతూ సాయంత్రమంతా గడిపాడు. నేల మీద టేపు ముక్కలతో గుర్తులు పెట్టుకున్నాడు. ఇన్ని లక్షల సరుకు చివరికి ఆ టేపు ముక్కల మీద ఆధారపడిందని నాకనిపించింది. కొనేవాడికి మాత్రం గది గురించి ఎవరూ చెప్పరు. గదిని అమ్మలేరు కదా.

శనివారం, అర్ధరాత్రి దాటింది

బాబాయ్, మీరు నమ్మరు. ఇక్కడ బాకాలున్నాయి!

మావుళ్లమ్మ జాతరకి మీరు కొబ్బరిచెట్లకి కట్టే బాకాలే, అదే జాతి. ఇవి రేకువి కావు, అంతే. కారుకి వేసే రంగు లాంటిది పూతలు పూతలుగా వేశారు. ముదురు ఎరుపు. మూతి రెండడుగుల పైనే ఉంటుంది. జర్మనీ సరుకు. గదిలోకి వచ్చినవాళ్లు పాట వినకముందే దాని లోపలికి తల పెట్టి చూస్తున్నారు.

వీటిని నడిపే ఆంప్లిఫయరు వాల్వు సెట్టు. ఇందులో 300బి వాల్వు. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వాళ్లది, 1938లో వచ్చింది. ఇప్పుడు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మళ్లీ చేస్తున్నారు. ఒక్కో వైపు ఒక్క వాల్వు పెడితే ఎనిమిది వాట్లు వస్తాయి. ఎనిమిదే! గదిలో కొందరు ఆ అంకె విని నవ్వుకున్నారు. వాళ్ల ఇంట్లో టీవీ కింద పెట్టుకునే స్పీకరు పట్టీ మీదే మూడు వందలని రాసి ఉంటుంది మరి.

నాకు నవ్వు రాలేదు. మీ దగ్గర వైర్లు చుట్టిన వాణ్ణి. మామూలు డబ్బా స్పీకరు ఒక వాటుకి మీటరు దూరంలో 86 డెసిబెల్ ఇస్తుందనుకుందాం. ఈ బాకా 104 ఇస్తుంది. తేడా 18. మూడు డెసిబెల్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలని మీరే చెప్పారు. ఆరుసార్లు రెట్టింపు చేస్తే 64. అంటే ఇక్కడ ఒక్క వాటు చేసే పనికి అక్కడ 64 వాట్లు పోయాలి. ఎనిమిది వాట్లంటే వీటికి పండగే. టాకీలు వచ్చిన కొత్తల్లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వాళ్లు సినిమా హాళ్లని నింపింది కూడా ఇలాగే. ఆంప్లిఫయరులో బలం లేదు కాబట్టి బాకాని పెద్దది చేశారు. కొరియాలో సిల్బాటోన్ అని ఒక కంపెనీ ఉంది. ఆ పాతకాలపు హాలు బాకాలని మోసుకెళ్లి మ్యూనిక్ ప్రదర్శనలో వినిపించేవాళ్లట.

మ్యూనిక్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఈ లోకానికి అదే పెద్ద తీర్థం. ‘హై ఎండ్’ అని దాని పేరు. 1982లో డ్యూసెల్‌డార్ఫ్‌లో మొదలైంది, 2004 నుంచి 2025 దాకా మ్యూనిక్‌లో జరిగింది, 2026లో వియన్నాకి మారింది. ఇక్కడి డీలర్లు మాటకి ముందు మ్యూనిక్, మాటకి వెనక మ్యూనిక్. మన దేశం నుంచి వెళ్లి విదేశాల్లో వినిపించిన వాళ్లూ ఉన్నారు. కొచ్చిలో జేకబ్ జార్జ్ అనే ఆర్కిటెక్టు రెథమ్ అన్న పేరుతో స్పీకర్లు చేస్తాడు. అందులోనూ బాకా సూత్రమే. డ్రైవరు వెనక నుంచి వచ్చే గాలిని డబ్బా లోపల మెలికలు తిప్పి బయటికి వదులుతాడు. ఈ హోటల్లో అవి లేవు. ఉంటే ముందు అక్కడికే పోయేవాణ్ణి.

గదిలో ఉన్న అబ్బాయి నాకు ఎఫిషియన్సీ అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. విని, “యూనిట్ ఎన్ని ఓములు?” అన్నాను. మెడలో కెమెరా చూసి ఒకసారి, మొహం చూసి ఒకసారి తెల్లబోయాడు. తర్వాత బాగా కలిసిపోయాడులెండి. తెనాలి అబ్బాయే. అంతా కలిపి ఎంతవుతుందని అడిగితే “డెబ్బై” అన్నాడు. వేలా, లక్షలా అని అడగాల్సిన పని పడలేదు.

ధ్వని ఎలా ఉందంటారా? బిగ్గరగా లేదు. అది మొదట తట్టింది. మృదంగం మీద వేలు పడీ పడకముందే శబ్దం ఎదురొచ్చింది. మీ బాకాల్లోనూ ఆ దూకుడు ఉండేది, కాకపోతే కింద బేస్ అంతగా ఉండేది కాదు, పైన ముక్కుతో పాడినట్టుండేది. ఇక్కడ ఆ రెండు లోపాలూ తీసేశారు. దానికే ఆ డెబ్బై.

తీగల సంగతి రాయను. బొటనవేలంత లావు తీగలు, అవి నేలకి తగలకూడదని కింద చిన్న చిన్న దిమ్మలు. మీరు చూస్తే మాటలంటారు, ఉత్తరంలో రాసేవి కావు.

ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ

హోటల్ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఫోటోల అవస్థ మీకు చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకోను?

గదులన్నీ చీకటి. వాల్వుల వెలుగు అందంగా కనపడాలని దీపాలు తగ్గించేశారు. ఫ్లాష్ వేస్తే ఆ ఎరుపు చచ్చి గాజు బుడ్డి మాత్రం మిగులుతుంది. కాబట్టి ఫ్లాష్ లేదు. సరే, ఐఎస్ఓ పెంచుకుని తీద్దామంటే కెమెరా క్లిక్ చప్పుడు. వీణ తంతి చివర వణుకు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్న పాతికమంది ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సైలెంట్ షటర్ పెడదామా అంటే గదిలో ఉన్నవి ఎల్ఈడీ దీపాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ దీపాలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు. సైలెంట్ షటర్ బొమ్మని పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి ఆ మిణుకు అడ్డ చారలై కూర్చుంటుంది. నల్ల స్పీకరు మీద అడ్డ చారలంటే ఏ డీలరు ఊరుకుంటాడు?

చివరికి పాటనే పట్టుకున్నాను. ఒక గదిలో విశ్వమోహన్ భట్, రై కూడర్ కలిసి వాయించిన ‘ఎ మీటింగ్ బై ది రివర్’ పదే పదే పెడుతున్నారు. 1993 రికార్డు, మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. కాలిఫోర్నియాలో ఒక ప్రార్థనా మందిరంలో కూర్చోబెట్టి, రెండే మైకులతో, వాల్వు సామానుతో టేపు మీదికి ఎక్కించారు. వాయించినవాళ్లిద్దరూ అంతకు కాసేపటి ముందే మొదటిసారి కలుసుకున్నారట. ఆడియో పిచ్చివాళ్ల ఇళ్లల్లో ఇది లేని ఇల్లుండదు. తబలా ఎక్కడెక్కడ పడుతుందో రెండు మూడుసార్లు వినేసరికి తెలిసిపోయింది. గట్టి దెబ్బ పడేచోట మామూలు షటర్ నొక్కాను. ఎవరూ తిరగలేదు, చారలూ పడలేదు. ఇవాళ తీసిన మంచి ఫోటోలన్నీ తాళం మొదలయ్యే దెబ్బ, సమ్ మీద పడ్డవే.

ఎర్ర బాకాలది ఇంకో గొడవ. ఆ మెరుపులో గదంతా కనపడుతుంది, మధ్యలో నేను. పోలరైజర్ బిగించి పక్కకి జరిగి తీస్తే చాలావరకు పోయింది గానీ రెండు స్టాపుల వెలుతురు కూడా పోయింది. ఎదురుగా నిలబడి తీస్తే పోలరైజరు కూడా ఏమీ చేయలేదు. నల్ల గుడ్డ కప్పుకుని తీశాను. పక్కనున్న పిల్ల భయపడి వాళ్ల నాన్న వెనక దాక్కుంది.

అసలు తీయాల్సింది సామాను కాదనిపించింది, మనుషులు. ముందు వరస మధ్య కుర్చీ ఒక్కటే ఇక్కడ సింహాసనం. ఆ వరసలో రెండు స్పీకర్లకీ సమాన దూరంలో ఉండేది అదొక్కటే. అందులో కూర్చున్నవాడు లేవడు. పక్కవాడు దగ్గుతాడు, గడియారం చూసుకుంటాడు, వీడు కళ్లు మూసుకుంటాడు. మెడలో కంపెనీ బిళ్లతో ఒక నడివయసాయన ఉన్నాడు. ఆదివారం కూడా ఆఫీసు నుంచే వచ్చినట్టున్నాడు. కళ్లు మూసుకోగానే దవడ వదులైంది, భుజాలు దిగాయి, ఒడిలో ఫోను వెలిగి ఆరింది, మళ్లీ వెలిగింది, తీయలేదు. ఆ ఫోటో కేటలాగులోకి ఎక్కదు. మీకు పంపిస్తాను.

ఆదివారం రాత్రి

రేపు రైలెక్కుతాను కాబట్టి ఇదే ఆఖరి ఉత్తరం. బహుశా నాకంటే వెనకే చేరుతుంది.

ఒక సంగతి గమనించాను బాబాయ్. వచ్చినవాళ్లలో ముప్పాతిక మంది మనవాళ్లే. లిఫ్టులో తెలుగు, టీ దగ్గర తెలుగు. గదిలో అడుగుపెట్టి కుర్చీలో కూర్చోగానే ఇంగ్లీషు పాట అడుగుతారు. ఈగల్స్ వాళ్లది 1994 నాటి ‘హోటల్ కాలిఫోర్నియా’ ప్రతి గదిలోనూ మోగింది. అది మంచి రికార్డింగే, కాదనను. డ్రమ్ము మొదటి దెబ్బకి కిటికీ అద్దం మాట్లాడుతుంది. అయితే వాళ్లు ఇంటికెళ్లి వినేది అదేనా? ఇంత ఖరీదైన పెట్టె ముందు మన పాట అడగడానికి మొహమాటం. అడిగితే తక్కువగా చూస్తారనో, పాత రికార్డు పరువు తీస్తుందనో.

సాయంత్రం ఎర్ర బాకాల గదిలో ఒక పెద్దావిడ మనవడితో వచ్చింది. జరీ చీర, చేతిలో మంచినీళ్ల సీసా. “మాయాబజార్‌లో పడవ పాట వేస్తావా నాయనా?” అంది. మనవడు సిగ్గుపడిపోయాడు. మన తెనాలి అబ్బాయి మాత్రం క్షణంలో వెతికి పట్టాడు. “రికార్డింగ్ పాతదండీ, మా సిస్టమ్ తప్పు కాదు” అని ముందే చెప్పుకున్నాడు.

1957 నాటిది. మోనో. ఆ రోజుల్లో సినిమా ధ్వని ఫిల్ము అంచున సన్న పట్టీగా ఉండేది. అందులో ఎనిమిది వేల హెర్ట్జ్ దాటితే దాదాపు ఏమీ మిగలదు. ఈ బాకాలు ఆ లోపాన్ని దాచవు. గరగర మొత్తం వినిపించింది. ఆ గరగర వెనక నుంచి ఘంటసాల వచ్చి సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య ఖాళీలో నిలబడ్డాడు. లీల గొంతూ అక్కడే, ఒక్క అంగుళం కూడా పక్కకి పోలేదు. మోనో పాటలో రెండు వైపులా ఒకటే సరుకు కదా. స్పీకర్లలో ఏ ఒక్కటి వేరుగా మోగినా, గదిలో ఒక గోడ ఎక్కువ మాట్లాడినా, గొంతు పక్కకి జారుతుంది. శుక్రవారం ఆ కుర్రాడు చేసినట్టు బెత్తెడు ముందుకి, బెత్తెడు వెనక్కి జరిపే పని మంచిదో కాదో తేల్చేది ఇలాంటి పాటే. మీరు జాతరకి ముందు రెండు బాకాల మధ్య నిలబడి “ఒన్, టూ, త్రీ” అని చూసేవారే, అదే పరీక్ష. ఘంటసాల ఊపిరి తీసుకోవడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఆ పాటకి మార్కస్ బార్‌ట్లే పట్టిన వెన్నెల చూసి చూసి పెరిగినవాణ్ణి. బొమ్మ లేకుండా వింటే ఇంకో పాటలా ఉంది.

అయిపోయాక గదిలో ఎవరూ లేవలేదు. ఎవరో వెనక నుంచి “శంకరాభరణం ఉందా?” అన్నారు. తర్వాత వరస మొదలైంది. ఈగల్స్ మళ్లీ వినపడలేదు, ఆ ఒక్క గదిలో. పక్క గదిలో మోగుతూనే ఉంది.

ఆ మాయాబజార్‌కే ఇక్కడి గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్లు రంగులద్ది, డీటీఎస్ ధ్వనితో 2010లో మళ్లీ విడుదల చేశారు, మీరు నన్ను తీసుకెళ్లారు కూడా. ధ్వని నాలుగు వైపుల నుంచి వచ్చిందని అప్పుడు మురిసిపోయాం. ఇవాళ అడిగితే నా ఓటు గరగరకే.

రైలుకి ముందు తీరిక దొరికితే కావూరి హిల్స్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ చూస్తాను. 2015లో మొదలైన ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్‌కి ప్రధాన వేదిక అదేనట. ఇప్పుడు ఏ బొమ్మలున్నాయో తెలియదు, గోడలకి వెలుతురు ఎలా వేశారో చూసినా చాలు.

మరిచిపోకుండా ఒకటి. తెనాలి అబ్బాయి మీ వాల్వు సెట్ల గురించి విని కుర్చీలోంచి లేచాడు. అటక మీద పాత వాల్వులుంటే పారేయొద్దన్నాడు, ముఖ్యంగా ముల్లార్డ్ అని రాసి ఉన్న ఇఎల్34లు. భారత్ ఎలక్ట్రానిక్స్‌వి ఉన్నా చూస్తానన్నాడు. మంచి స్థితిలో ఉన్న జతకి ఎంతిస్తారో చెప్పాడు గానీ అది ఉత్తరంలో రాయను, పిన్ని చదువుతుంది. పాత సామాన్ల వాడు వస్తే అటక జోలికి రానివ్వకండి. వాల్వుల మీద అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి గుడ్డతో తుడవకండి కూడా. నేను వచ్చాక నిచ్చెన వేసి దించుతాను.

పిన్నికి నమస్కారాలు.

మీ
అబ్బాయి